బ్యాండూ ర్యాపరూ కలిసి రికార్డు చేయాలంటే: ‘కొలిజన్ కోర్స్’ దగ్గర నేర్చుకోవాల్సినవి

మీకో రాక్ బ్యాండ్ ఉంది, తెలిసిన ర్యాపర్ ఒకడున్నాడు, కలిసి ఏదైనా చేద్దామని రెండు వైపులా ఉత్సాహం ఉంది. ఇక్కడిదాకా చాలామంది వస్తారు. ఆ తర్వాత జరిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. బ్యాండ్ తన పాట తను వాయించుకుంటుంది, రెండో పల్లవి అయ్యాక 16 బార్లు (ఒక్కో బార్ అంటే మామూలుగా నాలుగు బీట్లు) ఖాళీ వదులుతుంది, ర్యాపర్ వచ్చి ఎప్పుడో రాసిపెట్టుకున్న వర్స్ ఆ ఖాళీలో చెప్పేసి వెళ్లిపోతాడు. పోస్టర్ మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజులో ఉంటాయి, పాటలో మాత్రం ఒకరింటికి ఇంకొకరు చుట్టపుచూపుగా వచ్చినట్టు ఉంటుంది.

ఇద్దరిదీ అనిపించే రికార్డు ఎలా చేయాలో నేర్చుకోవడానికి నాకు తెలిసినంతలో అమెరికన్ రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్, ర్యాపర్ జే-జీ కలిసి చేసిన ‘కొలిజన్ కోర్స్’ని మించిన పాఠం లేదు. 2004 నవంబర్ 30న వచ్చింది. మొత్తం 6 ట్రాకులు, 21 నిమిషాలు. నిడివి లెక్కన ఈపీ, అంటే ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు అంటారు, కానీ అమెరికా ఆల్బమ్ చార్టు బిల్‌బోర్డ్ 200లో నేరుగా మొదటి స్థానంలో దిగింది. ఈపీ ఒకటి ఆ స్థానం దాకా వెళ్లడం 1994లో అలిస్ ఇన్ చెయిన్స్ ‘జార్ ఆఫ్ ఫ్లైస్’ తర్వాత అదే. అందులోని ‘నంబ్/ఎన్‌కోర్’కి 2006లో గ్రామీ కూడా వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా కాలేజీ ఫెస్టుల్లో ఆ కీబోర్డ్ బిట్ మొదలవగానే జనం అరుస్తారంటే కారణం అవార్డు కాదు. ఆ రికార్డు కట్టిన పద్ధతి. ఆ పద్ధతినే ఇక్కడ విప్పి చెప్తాను, మీ జామ్ రూమ్‌లో మీరు వాడుకునేలా.

అది ఎలా మొదలైందో ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే ఆ క్రమంలోనే సగం పాఠం ఉంది. మ్యాషప్‌ల మీద, అంటే రెండు వేర్వేరు పాటల్ని కలిపి ఒకటిగా చేయడం మీద, షో చేద్దామన్న ఆలోచన ఎంటీవీది. వాళ్లు జే-జీని అడిగితే, తనతో కలిసి చేయడానికి అతను లింకిన్ పార్క్‌ను ఎంచుకున్నాడు. అప్పుడు బ్యాండ్‌లోని మైక్ షినోడా స్టూడియో బుక్ చేసి ‘రండి చూద్దాం’ అనలేదు. తన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, దొరికిన వోకల్స్, బీట్లతో (ర్యాప్ కింద మోగే సంగీతాన్ని కూడా బీట్ అనే అంటారు) కొన్ని డెమోలు కట్టి ఈమెయిల్‌లో పంపాడు. అవి జే-జీకి నచ్చాకే మిగతా పని. 2004 జులైలో నాలుగు రోజుల పాటు లాస్ ఏంజెలెస్‌లో కలిసి రికార్డింగ్, రిహార్సల్స్ చేసుకున్నారు. జులై 18న వెస్ట్ హాలీవుడ్‌లోని రాక్సీ థియేటర్‌లో జనం ముందు వాయించారు. ముందు డెమో, తర్వాత స్టూడియో, తర్వాత స్టేజీ. మీరూ ఇదే వరస పట్టుకోండి.

ముందు చెవి పని

వాయించే ముందు వినాలి, అదీ ఒక పద్ధతిలో వినాలి. లింకిన్ పార్క్ ‘మెటియోరా’లోని ‘నంబ్’ ఒకసారి, జే-జీ ‘ది బ్లాక్ ఆల్బమ్’లోని ‘ఎన్‌కోర్’ ఒకసారి, ఆ తర్వాత ‘నంబ్/ఎన్‌కోర్’. రెండు అసలు పాటలూ 2003లోవే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కాగితం మీద మూడు గీతలు గీసుకుని, ఏ క్షణంలో ఎవరి సొత్తు వినిపిస్తోందో గుర్తు పెట్టండి. కీబోర్డ్ ఎవరిది, డ్రమ్స్ ఎవరివి, మాట ఎవరిది, పల్లవి ఎవరిది.

అలా గీస్తే ఒక సంగతి బయటపడుతుంది. ‘నంబ్’కి ప్రాణం బ్యాండ్ గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ గొంతు, పల్లవిలో విరుచుకుపడే గిటార్లు. మ్యాషప్‌లో ఆ రెండింటినీ చాలాసేపు దాచిపెట్టారు. మొదట వినిపించేది ఆ కీబోర్డ్ పలుకు మాత్రమే, దాని మీద జే-జీ తన వర్సులు పూర్తిగా చెప్పుకుంటాడు, చెస్టర్ గొంతు పాటలో బాగా ముందుకెళ్లాక గానీ రాదు. అటువైపు జే-జీ కూడా వదులుకున్నాడు. ‘ఎన్‌కోర్’ బీట్ కాన్యే వెస్ట్ చేసింది, హారన్లతో సంబరంగా, స్టేడియంలో సెలవు తీసుకుంటున్న రాజు దర్జాతో ఉంటుంది. ఆ సంబరం మొత్తం తీసేసి అవే మాటలను దిగులుగా మోగే కీబోర్డ్ కింద పెట్టారు. మాట మారలేదు, అర్థం మారిపోయింది. చప్పట్లు కొట్టించుకుంటున్న మనిషి అలసిపోయినట్టు వినిపిస్తాడు, సరిగ్గా అప్పుడే చెస్టర్ వచ్చి అలసట గురించి పాడతాడు. రెండు పాటలు ఒకదాని గురించి ఒకటి మాట్లాడుకోవడం అంటే ఇదే. మీ రికార్డులో ప్రతి ట్రాకుకీ ఈ పరీక్ష పెట్టండి: పక్కవాడి పాట కలవడం వల్ల నా పాటకి కొత్త అర్థం వచ్చిందా, శబ్దం పెరిగిందా? శబ్దం మాత్రమే పెరిగితే ఆ జత వదిలేయండి.

జత కుదర్చడం

ఇక్కడ లెక్కలు ఉంటాయి, భయపడక్కర్లేదు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

బ్యాండ్ దగ్గరున్న పాటలన్నీ, ర్యాపర్ దగ్గరున్నవన్నీ ఒక షీట్‌లో రాయండి. ప్రతి పాట పక్కన టెంపో (నిమిషానికి ఎన్ని బీట్లు), శ్రుతి, ఒక్క ముక్కలో ఆ పాట మూడ్. టెంపో తెలియకపోతే ఏ ట్యాప్ టెంపో యాప్‌లోనైనా పాట వింటూ వేలితో తట్టితే చెప్పేస్తుంది. ఇప్పుడు టెంపోలు దగ్గరగా ఉన్నవి వెతకండి. రెండింటి మధ్య తేడా 5, 6 శాతం లోపు ఉంటే సాఫ్ట్‌వేర్‌లో సాగదీసినా వినేవాడికి పెద్దగా తెలియదు. 100లో ఉన్నదాన్ని 105కి తేవడం తేలిక. 90లో ఉన్నదాన్ని 110కి లాగితే 22 శాతం, అప్పుడు గొంతు చివర్లు రాలిపోయినట్టు, స్నేర్ (డ్రమ్స్‌లో ఫట్‌మని పేలే డ్రమ్) రేకు డబ్బా మోగినట్టు అయిపోతాయి. ఇంకో దారి కూడా ఉంది. 70లో ఉన్న ర్యాప్, 140లో ఉన్న రాక్ పాట నిజానికి ఒకే నడక, ఒకటి రెండోదానికి సగం. డ్రమ్మర్ హాఫ్ టైమ్‌కి దిగితే రెండూ అతుక్కుంటాయి. బ్యాండ్ వాళ్లు ఈ సగం-రెట్టింపు లెక్క మర్చిపోయి మంచి జతలని ‘టెంపో కుదరదు’ అని పక్కన పెట్టేస్తుంటారు.

శ్రుతి సంగతి. ర్యాప్‌కి శ్రుతి అక్కర్లేదంటారు గానీ అది సగమే నిజం. వర్స్‌కి అక్కర్లేదు, ర్యాపర్ హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి లాంటి ముక్క) పాడేటట్టయితే దానికి కావాలి, అతని బీట్‌లో శాంపిల్, అంటే ఇంకో రికార్డు నుంచి తీసుకున్న ముక్క ఉంటే దానికి కచ్చితంగా కావాలి. ‘నంబ్’ ఎఫ్ షార్ప్ మైనర్‌లో, నిమిషానికి సుమారు 110 బీట్ల దగ్గర ఉంటుంది. అలాంటి పాట కింద ఎఫ్ షార్ప్ మేజర్‌లో ఉన్న శాంపిల్ పెడితే చెవికి గుచ్చుకుంటుంది. అయితే రెండు శ్రుతులు వేరైనా స్వరాలు ఒకటే అయ్యే జతలు ఉంటాయి, సి మేజర్, ఎ మైనర్ లాగా. కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకున్నవాళ్లకి ఇది గ్రహభేదం అంటే వెంటనే అర్థమైపోతుంది: శంకరాభరణంలో ధైవతాన్ని షడ్జం చేసుకుంటే నఠభైరవి వస్తుంది. అలాంటి జత దొరికితే ఏమీ మార్చకుండా పని జరిగిపోతుంది. దొరక్కపోతే బీట్‌ని జరపండి, పాడే గొంతుని జరపకండి. బీట్‌ని రెండు సెమీటోన్లు (కీబోర్డ్ మీద పక్కపక్క మెట్లు) కిందికో పైకో జరిపినా ఓర్చుకుంటుంది, గొంతుని ఒకటి దాటి జరిపితే అది మనిషి గొంతులా ఉండదు. గిటారిస్టుకి ట్యూనింగ్ మార్చుకోవడం రెండు నిమిషాల పని, ముందు అతన్ని అడగండి.

మూడ్ గడి మాత్రం లెక్కకి అందదు. అక్కడ నాదొక్కటే సలహా: ఒకే మూడ్ ఉన్న పాటలు కలపకండి. కోపంగా ఉన్న రాక్ పాటకి కోపంగా ఉన్న ర్యాప్ కలిపితే రెండు నిమిషాలకే చెవి అలసిపోతుంది. పొగరు కింద దిగులు, వేళాకోళం కింద భయం, అలాంటివి వెతకండి.

అతికించకండి, మళ్లీ చెప్పించండి

ఈ గైడ్‌లో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

ల్యాప్‌టాప్‌లో డెమోలు కడుతున్నప్పుడు షినోడా కనిపెట్టిన విషయం ఇదే: కింద బీట్ మారినప్పుడు పాత వోకల్ తెచ్చి దాని మీద పెట్టడం కన్నా, ర్యాపర్‌ని కొత్త బీట్ వింటూ మళ్లీ చెప్పమనడం మేలు. అందుకే జే-జీ కొత్తగా మైకు ముందు నిలబడ్డాడు, బ్యాండ్ కూడా చాలా భాగాలు మళ్లీ వాయించింది. ర్యాపర్ ఏ బీట్ వింటూ చెప్తే ఆ బీట్‌లోని స్నేర్‌కి కొంచెం వెనకో, కొంచెం ముందో కూర్చుంటాడు. ఆ ‘కొంచెం’ మిల్లీసెకన్లలో ఉంటుంది, గ్రిడ్ మీద సరిచేసినా దొరకదు. పాత డ్రమ్ మెషీన్ మీద కూర్చున్న వర్స్‌ని తెచ్చి మనిషి వాయించే డ్రమ్స్ మీద పెడితే అన్నీ సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది, తల మాత్రం ఊగదు.

కాబట్టి రూల్ పెట్టుకోండి. డెమో కోసం ఎన్ని పాత ముక్కలైనా వాడుకోవచ్చు, ఫైనల్‌లో మాత్రం ప్రతి గొంతూ కొత్తదే ఉండాలి. దీనికి ర్యాపర్లు మొదట ఒప్పుకోరు, ‘ఆ టేక్ అద్భుతంగా వచ్చింది కదా, మళ్లీ ఎందుకు’ అంటారు. వాదించొద్దు. కొత్త బీట్ మీద పాత టేక్ ఒకసారి, అప్పటికప్పుడు చెప్పించిన రఫ్ టేక్ ఒకసారి వినిపించండి. వాళ్ల చెవే తేల్చేస్తుంది.

తెలుగులో చేస్తున్నవాళ్లకి ఇక్కడ ఇంకో లోతు ఉంది, దీని గురించి మనవాళ్లు పెద్దగా మాట్లాడుకోరు. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ఆగుతాయి. ఇంగ్లిష్ ర్యాపర్ ‘స్టాప్’ అంటే ఆ ‘ప్’ దగ్గర మాట తెగిపోతుంది, స్నేర్‌కి చోటు మిగులుతుంది. మనం ‘ఆగిపో’ అంటే ఆ ‘ఓ’ సాగి స్నేర్ మీద పడుతుంది, కింద డిస్టార్షన్ గిటార్ కూడా మోగుతుంటే అంతా ముద్దైపోతుంది. దీనికి మందు మన భాషలోనే ఉంది, ద్విత్వాక్షరాలు. కొట్టు, గట్టిగా, అడ్డం, నెత్తిన, చెప్పు. ఇవి నోట్లోనే డ్రమ్ములా పేలతాయి. వర్స్ రాసేటప్పుడు రెండో బీటు, నాలుగో బీటు మీద, అంటే స్నేర్ పడే చోట, ఇలాంటి మాట పడేలా చూసుకోండి. పంక్తి చివర మాత్రం స్నేర్‌కి అర బీటు ముందే ఆపేయండి.

ప్రాస విషయంలోనూ అంతే. వస్తాను, చేస్తాను, చూస్తాను అని క్రియాపదాల తోకలు కలపడం మన భాషలో ఎవరికైనా వస్తుంది, అందుకే దానికి బలం ఉండదు. పద్యాల్లో రెండో అక్షరానికి ప్రాస పెట్టే అలవాటు మనకి ఎప్పటినుంచో ఉంది, దాన్ని ర్యాప్‌లోకి తెచ్చుకోండి. పంక్తి మొదట్లోనే ‘గుండె’, తర్వాతి పంక్తి మొదట్లో ‘మండే’, దాని తర్వాత ‘ఎండ’. పంక్తి ఎత్తుగడలోనే అల్లిక వినిపిస్తుంది, చివర ఖాళీ గిటార్‌కి వదిలేయొచ్చు. గిటార్ రిఫ్ మొదలయ్యేది సరిగ్గా అక్కడే కాబట్టి రెండూ ఒకదాన్నొకటి తొక్కుకోవు.

పాడేవాళ్లు కూడా మారాలి. గాయకుడు తన పల్లవి ఎప్పుడూ పాడినంత గట్టిగా పాడితే ర్యాపర్ వర్స్ దాని పక్కన వెలవెలబోతుంది. మొదటి పల్లవి సగం గొంతుతో, దాదాపు మాట్లాడినట్టు పాడించండి, చివరిదానికి పూర్తిగా వదలండి. వీలుంటే ఒకరి లైన్లు ఇంకొకరితో చెప్పించండి, బ్యాండ్ మనిషి ర్యాపర్ మాటలు పలకాలి, ర్యాపర్ బ్యాండ్ పల్లవిలో కింది గొంతు కలపాలి. లింకిన్ పార్క్‌కి ఇందులో కలిసొచ్చింది ఏంటంటే, షినోడా స్వయంగా ర్యాపర్, పైగా 2002లోనే ‘రీయానిమేషన్’ అనే రీమిక్స్ ఆల్బమ్‌లో తమ పాటల్ని ర్యాపర్ల చేతుల్లో పెట్టి చూసిన బ్యాండ్ అది. మీ బ్యాండ్‌లో అలా రెండు వైపులా తెలిసిన మనిషి ఒకరుంటే ప్రొడ్యూసర్ కుర్చీ వాళ్లకే ఇవ్వండి, వాళ్లు వాయించడంలో అందరికన్నా తక్కువైనా సరే.

డెమో నుంచి స్టూడియో దాకా

డెమోకి ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకటే. రీపర్ తక్కువ ఖర్చులో దొరుకుతుంది, మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, అవి చాలు. బ్యాండ్ నుంచి స్టెమ్స్ అడగండి, అంటే డ్రమ్స్ వేరు, బేస్ వేరు, గిటార్లు వేరు, గొంతు వేరు. అన్ని ఫైళ్లూ ఒకే చోట, సున్నా సెకను దగ్గర మొదలవ్వాలి, మధ్యలో మొదలయ్యే ముక్కలు పంపితే ఎక్కడ పెట్టాలో వెతుక్కోవడానికే సాయంత్రం అయిపోతుంది. 24 బిట్ వేవ్ ఫైళ్లు పంపించుకోండి, వాట్సాప్‌లో ఆడియోగా కాదు, అది నలిపేస్తుంది, డ్రైవ్ లింకు పెట్టండి. ఫైలు పేరులో పాట, టెంపో, తేదీ ఉండాలి. ‘ఫైనల్’, ‘ఫైనల్ న్యూ’, ‘లాస్ట్ ఫైనల్’ అనే పేర్లు మొదటి రోజే నిషేధించండి.

డెమో 90 సెకన్లు ఉంటే చాలు. ఒక వర్స్, ఒక పల్లవి, రెండింటి మధ్య మలుపు. ఆ మలుపు దగ్గరే తెలిసిపోతుంది జత కుదిరిందో లేదో. పది జతలు కడితే మూడో నాలుగో నిలుస్తాయి, మిగతావి మొహమాటం లేకుండా తీసేయండి. ఇలా మొదట ఒకరే కూర్చుని కట్టడం మంచిది, ఆరుగురు కలిసి ఒక ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఎవరి పాట పోతోందో అన్న టెన్షన్‌లోనే పూట గడిచిపోతుంది.

ఇంక స్టూడియో. గంటల లెక్కన డబ్బులు కట్టే చోటికి నిర్ణయాలు తీసుకోవడానికి వెళ్లకండి, అవన్నీ జామ్ రూమ్‌లో తేల్చుకుని వెళ్లండి. క్లిక్ ట్రాక్ (టెంపో తప్పకుండా చెవిలో టిక్ టిక్‌మనే శబ్దం) మీద డ్రమ్స్ ముందు, వాటితోపాటే ర్యాపర్ గైడ్ వోకల్, అంటే దారి చూపడానికి చెప్పే రఫ్ గొంతు. ఇది ముఖ్యం, డ్రమ్మర్ చెవిలో ర్యాపర్ గొంతు ఉండాలి. చాలా చోట్ల డ్రమ్మర్ ఒట్టి క్లిక్‌కి వాయించేసి వెళ్లిపోతాడు, వారం తర్వాత ర్యాపర్ వచ్చి దాని మీద చెప్తాడు. అప్పుడు ఇద్దరూ క్లిక్‌తో మాట్లాడినట్టు ఉంటుంది. తర్వాత బేస్, తర్వాత గిటార్లు ఎడమకొకటి కుడికొకటి రెండుసార్లు వేరువేరుగా వాయించి, ఆ పైన ర్యాపర్ అసలు టేకులు. చివర పాట గొంతు. ర్యాపర్‌కి మైకు ముందు నీళ్లు, కాగితం స్టాండు, హెడ్‌ఫోన్స్‌లో గిటార్లు కొంచెం తక్కువ, కిక్కూ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) స్నేరూ ఎక్కువ. రెండు గంటలు దాటితే ఎవరి గొంతైనా పలచబడుతుంది, ఆపేసి ఇంకొకరి పని చేయండి.

మిక్స్‌లో గొడవ ఎక్కడొస్తుంది

గిటార్ దగ్గరొస్తుంది. డిస్టార్షన్ వేసిన గిటార్ మధ్య ఫ్రీక్వెన్సీలన్నీ ఆక్రమించేస్తుంది, ర్యాప్ అర్థమవ్వాలంటే కావాల్సిన హల్లులు కూడా అక్కడే, సుమారు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి. ర్యాప్ వినపడట్లేదని గొంతు సౌండ్ పెంచుతూ పోతే గిటారిస్ట్ తన సౌండ్ పెంచమంటాడు, ఆ పోటీకి అంతుండదు. వర్స్ నడుస్తున్నంతసేపూ గిటార్లలో ఆ ప్రాంతాన్ని 3, 4 డెసిబెల్స్ తగ్గించండి, పల్లవికి రాగానే తిరిగి వదిలేయండి. 100 హెర్ట్జ్ కింద గిటార్లకి పనేమీ లేదు, కోసేయండి, అది కిక్కుకీ బేసుకీ కావాలి. హిప్‌హాప్ కిక్ శాంపిలూ డ్రమ్మర్ కిక్కూ రెండూ ఉంచాలనుకుంటే ఒకదానికి అడుగు, ఇంకొకదానికి తల ఇవ్వండి. శాంపిల్ 60 హెర్ట్జ్ దగ్గర మోగాలి, డ్రమ్మర్ కిక్ 2 కిలోహెర్ట్జ్ పైన టక్కుమనాలి.

ఇవన్నీ చేసినా అరేంజ్‌మెంట్ నిండుగా ఉంటే మిక్స్ కాపాడలేదు. ర్యాప్ నడిచేటప్పుడు గిటారిస్ట్ చేతులు తీసి నిలబడటమే అన్నిటికంటే మంచి ఈక్వలైజర్.

హక్కులు, వాటాలు

అందరూ చివరికి వదిలేసేది, గొడవలు పుట్టేది ఇక్కడే. ‘కొలిజన్ కోర్స్’ వచ్చిన ఏడాదే మొదట్లో డేంజర్ మౌస్ అనే ప్రొడ్యూసర్ ఇంకో పని చేశాడు. జే-జీ ‘ది బ్లాక్ ఆల్బమ్’ వోకల్స్ మాత్రమే ఉన్న వెర్షన్ అప్పటికే విడుదలైంది, వాటిని బీటిల్స్ ‘వైట్ ఆల్బమ్’ ముక్కలతో కలిపి ‘ది గ్రే ఆల్బమ్’ అని తీశాడు. విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, బీటిల్స్ రికార్డింగుల హక్కులున్న ఈఎంఐ మాత్రం ఆపేయమని నోటీసులిచ్చింది. దానికి నిరసనగా 2004 ఫిబ్రవరి 24న ఎన్నో వెబ్‌సైట్లు ఆ ఆల్బమ్‌ని ఒకేసారి ఉచితంగా పెట్టాయి. పేరొచ్చింది, అమ్మకానికి మాత్రం ఎప్పుడూ రాలేదు. అదే ఏడాది చివర లింకిన్ పార్క్, జే-జీ తమ సొంత పాటలతో, రెండు వైపుల కంపెనీలూ ఒప్పుకున్నాక చేసిన పని దుకాణాల్లో మొదటి స్థానానికి వెళ్లింది. రెండూ మ్యాషప్‌లే, తేడా అనుమతి.

శాంపిల్ ఉన్న పాట తీసుకుంటే దాని తలనొప్పి కూడా మీతో వస్తుందని మర్చిపోకండి. ఈ రికార్డులోనే ఉన్న ‘బిగ్ పింపిన్’ అసలు పాటలో ఈజిప్టు సంగీత దర్శకుడు బలీగ్ హమ్దీ బాణీ ఉంది, అబ్దెల్ హలీమ్ హఫేజ్ పాడింది. హమ్దీ వారసుడు 2007లో అమెరికాలో వేసిన కేసులో 2015లో గానీ కింది కోర్టు తీర్పు రాలేదు. తీర్పు జే-జీ వైపే వచ్చింది, ఈలోపు ఎనిమిదేళ్లు గడిచాయి. అంత లాయరు ఖర్చు మనలో ఎవరు భరిస్తారు?

మన దగ్గర 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాటలో సాహిత్యం, సంగీతం, సౌండ్ రికార్డింగ్ మూడూ వేర్వేరు హక్కులు. కవర్ వెర్షన్లకి చట్టంలోని 31సీ సెక్షన్ దారి ఇస్తుంది, అసలు పాట రికార్డయిన సంవత్సరం తర్వాత 5 ఏళ్లు గడవాలి, ముందే నోటీసిచ్చి రాయల్టీ కట్టాలి. కానీ పాటని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి అందులో వీల్లేదు, కాబట్టి మ్యాషప్‌కి అది పనికిరాదు. సినిమా పాట ముక్క తీసుకుని దాని మీద ర్యాప్ చేద్దామంటే మ్యూజిక్ కంపెనీ దగ్గర రాతపూర్వక అనుమతి కావాల్సిందే. యూట్యూబ్‌లో పెట్టినప్పుడు కాపీరైట్ క్లెయిమ్ పడితే, సంపాదన వాళ్లకి వెళ్లడంతో సరిపెట్టుకోవడం ఒక్కోసారి కుదురుతుంది, ఒక్కోసారి వీడియోనే పోతుంది. నా మాట వినండి, సొంత పాటలతోనే చేయండి. మీరు రాసినవి, మీ ర్యాపర్ రాసినవి.

సొంతవే అయినా వాటాలు ముందే కాగితం మీద పెట్టుకోవాలి. పాటకొక పేజీ: మాటలు ఎవరివి, బాణీ ఎవరిది, బీట్ ఎవరిది, ఎవరికి ఎంత శాతం, అందరి సంతకాలు. రికార్డింగుకి వెళ్లే ముందే రాసుకోవాలి, ఆ రోజు అందరూ సంతోషంగా ఉంటారు, పాట పేలాక రాసుకుందామంటే ఎవరి జ్ఞాపకం వాళ్లది. ‘ఫ్రెండ్స్ మధ్య కాగితాలెందుకు’ అనేవాళ్లకి చెప్పండి, ఫ్రెండ్స్‌గా మిగలడానికే అని. మాటలు, బాణీ రాసినవాళ్లు ఐపీఆర్ఎస్‌లో (వాళ్ల తరఫున రాయల్టీలు వసూలు చేసే సంస్థ) సభ్యత్వం తీసుకుంటే ఎక్కడ వాడినా వాళ్ల వాటా వాళ్లకి వచ్చే దారి ఉంటుంది.

ఎన్ని పాటలు, ఏ వరసలో

ఆరు చాలు. ఆ రికార్డు 21 నిమిషాల్లో ముగియడమే దాని బలాల్లో ఒకటి అనుకుంటాను, పన్నెండు పాటలకి సాగదీసి ఉంటే నాలుగో పాటకే కిటుకు అర్థమైపోయి ఆసక్తి పోయేది. పైగా ఆరింటినీ ఒకేలా కట్టలేదు. ‘జిగా వాట్/ఫెయింట్’లో వయొలిన్ల పరుగు మీద ర్యాప్ వేగం నడుస్తుంది, చివరి ట్రాకులో ‘పాయింట్స్ ఆఫ్ అథారిటీ’, ‘99 ప్రాబ్లమ్స్’, ‘వన్ స్టెప్ క్లోజర్’ మూడు పాటల్ని కలిపి ఒకదాని మీద ఒకటి ఎక్కించి అరుపుల దాకా తీసుకెళ్తారు. మీరు కూడా ఒక ట్రాకులో ర్యాప్‌ని పైన పెట్టండి, ఒకదాంట్లో గిటార్‌ని, ఒకదాంట్లో డ్రమ్స్, గొంతు తప్ప ఇంకేమీ లేకుండా చేయండి. అన్నిటికన్నా మెత్తగా ఉన్న పాటని నాలుగో స్థానంలో పెట్టండి, ‘నంబ్/ఎన్‌కోర్’ అక్కడే ఉంది.

స్టేజీ మీద

రికార్డు చేశాక తప్పకుండా జనం ముందు వాయించండి, చిన్న కేఫ్ అయినా సరే, ఎందుకంటే అతికించిన పాట స్టేజీ మీద దొరికిపోతుంది, కలిసి చేసిన పాట అక్కడే పెరుగుతుంది. డ్రమ్మర్‌కి క్లిక్ ఇయర్‌ఫోన్‌లో ఉండాలి, బీట్లు, శాంపిల్స్ నడిపే మనిషి డ్రమ్మర్‌కి కనిపించే చోట నిలబడాలి. ర్యాపర్‌కీ గాయకుడికీ మానిటర్లు వేర్వేరుగా, ఒక్కొక్కరి మానిటర్‌లో రెండోవాళ్ల గొంతు తప్పనిసరిగా. పాట మధ్య మలుపుల దగ్గర ఎవరు సైగ చేయాలో ఒక్కరికే అప్పజెప్పండి.

ఇంకొక్కటి. ప్రతి పాటకీ చివర 8 బార్లు ఏమీ నింపకుండా, కీబోర్డో బేసో ఒక్కటే తిరిగేలా వదిలిపెట్టండి. 2006 గ్రామీ వేదిక మీద లింకిన్ పార్క్, జే-జీ ‘నంబ్/ఎన్‌కోర్’ చేస్తుంటే చివర్లో పాల్ మెకార్ట్నీ వచ్చి కలిశాడు, చెస్టర్‌తో పాటు బీటిల్స్ ‘యెస్టర్‌డే’ పాడాడు, ఆ పాట చోటు చేసుకుని సులువుగా ఇమిడిపోయింది. మీ షోలో ఆ చోటు ర్యాపర్ అప్పటికప్పుడు చెప్పే నాలుగు పంక్తులకి కావొచ్చు, జనంలోంచి పైకి వచ్చిన ఇంకో ర్యాపర్‌కి కావొచ్చు, గాయకుడు అందుకునే ఏ జానపదం ముక్కకైనా కావొచ్చు. రిహార్సల్‌లో ఆ 8 బార్లని రోజుకొకరికి అప్పజెప్పి ప్రాక్టీస్ చేయించండి.